ఆదివారం మోగిన రీలు

ఏభై ఎనిమిదేళ్ళ వయసులో, మోకాళ్ళ నొప్పులతో, నేను సాల్మన్ చేపలా పరుగెత్తాల్సి వచ్చింది. దానికి కారణం మా ఆయన ఆలిక్ రియాక్, అతని మొండితనం. ఆ మొండితనం ఎలాంటిదో చెప్పాలంటే ముందు అతని గురించి నాలుగు ముక్కలు చెప్పాలి.

ఆలిక్ పదిహేడో ఏట రంపపు మిల్లులో పని మానేసి డాల్వెరిక్ ఎస్టేట్‌కి వచ్చాడు. మొదట్లో పడవలకు తారు పూసేవాడు, కంచెలు బాగు చేసేవాడు. ఇరవై ఏడో ఏట గిల్లీ అయ్యాడు. అప్పటి నుంచి ముప్పై నాలుగేళ్ళు అదే పని. స్పే నది మీద మా ఎస్టేట్‌కి రెండు మైళ్ళ ఏటి గట్టు ఉంది. అక్కడ సాల్మన్ పట్టడానికి వారానికొక అతిథి వస్తాడు. ఏ మడుగులో ఎక్కడ నిలబడాలో, ఏ గాలం కట్టాలో, కర్రకు దారం చుట్టే ఏ రీలు బిగించాలో గిల్లీ చెబుతాడు. చేప పడితే నడుములోతు నీళ్ళలో నిలబడి చేతివలతో దాన్ని అందుకుంటాడు. తర్వాత చేపను ఏట్లోకి వదిలేస్తాడు, మనిషిని ఒడ్డుకి చేరుస్తాడు. ఈ రెండోది ఎక్కువ ముఖ్యం. స్పే నీళ్ళు పైకి నవ్వుతూ కనిపిస్తాయి గానీ, అడుగు తప్పితే లాక్కుపోతాయి.

మాటలు తక్కువ మనిషి. ఎవరినీ ఏదీ అడగడు. దారి తప్పినా అడగడు, ఆకలేసినా అడగడు. పెళ్ళి చేసుకుంటావా అని కూడా నన్ను అడగలేదు. "మేలో ఏరు తగ్గాక చర్చికి పోదాం" అన్నాడు, అంతే. నాకు ఒళ్ళు మండింది గానీ, వెళ్ళాను.

ఈ ఏడాది ఏప్రిల్‌లో ఒకరోజు వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని, గాలం నా ముందుకు తోశాడు. "దారం ఎక్కించు, వేళ్ళు కొంకర్లు పోయాయి" అన్నాడు. పొయ్యి వేడికి పిల్లి కూడా లేచి అవతలికి పోయింది. ఇతనికి వేళ్ళు కొంకర్లు పోవడం ఏమిటి? నేను ఎక్కించి ఇచ్చాను. మర్నాడూ అదే. మూడో రోజు బండెక్కించి ఇన్వర్నెస్ తీసుకెళ్ళాను.

కంటి డాక్టర్ చిన్న పిల్ల. చెప్పాల్సింది మాత్రం నీళ్ళు నమలకుండా చెప్పింది. రెండు కళ్ళలోనూ నడిమధ్య చూపు పోతోందట. అంచుల్లో మిగులుతుందట. పోయింది తిరిగి రాదట. బండి నడపొద్దు అంది. తిరుగు దారిలో నేను బండి నడుపుతుంటే, అతను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంటికి వచ్చాక ఒకే మాట అన్నాడు.

"డ్రైస్‌డేల్‌కి తెలియకూడదు."

డ్రైస్‌డేల్ మా ఎస్టేట్ మేనేజర్. చెడ్డవాడు కాదు, కానీ లెక్క ప్రకారం నడిచే మనిషి. మేముండే ఇల్లు ఎస్టేట్‌ది. గిల్లీగా పని ఉన్నన్నాళ్ళే ఇల్లు. ఏటికి ముప్పై అడుగుల దూరంలో ఉంటుంది. ఆ ఇల్లు పోతే వయసు మళ్ళాక ఎక్కడికి పోవాలో మాకు తెలియదు. ఆలిక్‌కి ఇంకొక పని కూడా తెలియదు. సెప్టెంబర్ ముప్పైతో చేపల కాలం ముగుస్తుంది, అప్పటిదాకా లాగిస్తానన్నాడు. తర్వాతేమిటి అంటే, తర్వాత సంగతి తర్వాత అన్నాడు. నేను గొడవ పెట్టుకున్నాను, రెండు రోజులు మాట్లాడలేదు. అతనికి అది శిక్షలా అనిపించలేదు, హాయిగానే ఉన్నాడు.

నిజానికి మే, జూన్, జూలై బాగానే నెట్టుకొచ్చాడు. ఏట్లో ప్రతి రాయీ కాళ్ళకు తెలుసు. మనుషుల్ని పక్కచూపుతో చూడడం నేర్చుకున్నాడు. ఆలిక్‌కి ఈమధ్య గర్వం ఎక్కువైంది, ముఖం చూసి మాట్లాడడం లేదు అని ఇద్దరు అతిథులు అనుకోవడం విన్నాను. అనుకోనీ అని ఊరుకున్నాను.

ఆగస్టులో ప్రమాదం తప్పింది. ఆ వారం అతిథి దగ్గర కొత్తరకం రీలు ఉంది. ఈ కొత్త వాటిలో దారాన్ని పట్టి ఆపే బ్రేకు లోపల ఎక్కడో ఉంటుంది. చేప దారం లాక్కుపోతున్నా చప్పుడు ఉండదు. పాత రీళ్ళలో చిన్న ఇనుప నాలుక పళ్ళచక్రానికి తగులుతూ కరకరమంటుంది. అతిథి చేతిలో ఏం జరుగుతోందో ఆలిక్ ఆ మోత విని పట్టేవాడు. ఆ రోజు మోత లేదు. చేప దూరంగా ఉందనుకుని ఆలిక్ అటు చూస్తున్నాడు. అది దగ్గరికి దూసుకొచ్చి, దారం ఇద్దరి మధ్యా చిక్కుకుని, అతిథి మోకాళ్ళ మీద నీళ్ళలో పడ్డాడు. లేచి నవ్వాడు, పాపం. ఆలిక్ ఆ సాయంత్రం భోజనం ముట్టలేదు.

"ఇంక చాలయ్యా. ఒక మనిషి పోతే మనం బతకగలమా?" అన్నాను.

"పోకుండా చూస్తాను. మోగే రీలు కావాలి. ఎవరొచ్చినా నా రీలే చేతిలో పెడతాను."

అలా వచ్చింది ఆ ఆదివారం. కాలం ముగియడానికి ఇంకా రెండు వారాలు ఉన్నాయి. మర్నాడు కొత్త అతిథి వస్తాడు. ఆలిక్ అటక మీద నుంచి, షెడ్డులో నుంచి అయిదు రీళ్ళు దించి వంటింటి బల్ల మీద పెట్టాడు. ఒక్కొక్కటీ తిప్పి వింటున్నాడు. నాకు అన్నీ బాగానే మోగుతున్నట్టనిపించింది.

"వంటింట్లో చెంచా పడినా మోగుతుంది. ఏటి హోరులో మోగాలి. బయటికి రా, ఇనా" అన్నాడు.

"ఇవాళ ఆదివారం."

"చేపలు పట్టడం లేదుగా."

ఆదివారం సాల్మన్‌కి గాలం వేయకూడదు. అది చట్టం, మా వైపు చట్టం కంటే కూడా పెద్ద పట్టింపు. మా అమ్మ ఆదివారం తీగ మీద తడిబట్ట కూడా ఆరేసేది కాదు. గిల్లీ అయినవాడు ఆదివారం ఏటి ఒడ్డున రీలు పట్టుకుని కనిపించాడంటే, పాస్టరు తాగి దొర్లినట్టే. అయినా వెళ్ళాను. వెళ్ళకపోతే ఒక్కడే వెళ్తాడని తెలుసు.

ఇంటి వెనక గట్టు మీద ఆలిక్ కళ్ళు మూసుకుని, చేతిలో కర్ర పట్టుకుని నిలబడ్డాడు. దారం కొస నా చేతికి ఇచ్చాడు. గాలం లేదు, ఉత్త దారం. నేను గట్టు వెంట పరుగెత్తాలి, ఆగాలి, మళ్ళీ పరుగెత్తాలి. నేను ఏం చేస్తున్నానో అతను విని చెప్పాలి.

మొదటి రీలు ఒక అతిథి బహుమతిగా ఇచ్చింది, నున్నగా మెరుస్తుంది. దాని మోత ఏటిలో కలిసిపోయింది. రెండోది గట్టిగానే అరిచింది గానీ, దారం బయటికి పోతున్నా లోపలికి చుడుతున్నా ఒకే గొంతు. మూడోది మధ్యలో పట్టేసి నన్ను బోర్లా పడేసింది. అప్పుడు అతను నవ్వాడు, ఏప్రిల్ నుంచి అదే మొదటి నవ్వు. నాలుగోది కుదరలేదు. అయిదోది అన్నిటికంటే అనాకారి, పొలం సామాన్ల వేలంలో పాత గొడుగులతో పాటు వచ్చింది. పిడి కొస విరిగి ఉంది. దాని లోపలి గ్రీజంతా ఆలిక్ గుడ్డతో తుడిచేశాడు. గ్రీజు వేయలేదని అతిథుల్ని ముప్పై ఏళ్ళు తిట్టిన మనిషి, శుభ్రంగా తుడిచి పారేశాడు. నేను పరుగెత్తాను. ఆ రీలు పెట్టిన కేకకు అవతలి ఒడ్డు మీది కొంగ లేచిపోయింది.

"ఇరవై గజాలు. ఆగావు. ఇప్పుడు మెల్లగా నడుస్తున్నావు. కుంటుతున్నావు." అన్నాడు, కళ్ళు తెరవకుండానే.

"కుంటక ఏం చేస్తాను? నడుం విరిగింది."

"ఇదే. ఇదే కావాలి" అన్నాడు.

నాలుగైదు సార్లు పరుగెత్తించాడు. ఒగరుస్తూ వచ్చి పక్కన కూర్చున్నాను. ఎవరూ చూడలేదని అనుకున్నాం. నిజమే, ఎవరూ చూడలేదు. విన్నారు.

సోమవారం ఉదయం తొమ్మిదికి ఏటి గుడిసెలో సూపు గిన్నె దించుతున్నాను. మధ్యాహ్నం అతిథులకు నేనే వండి తెస్తాను. కొత్త అతిథి క్లెగ్ గారు, యార్క్‌షైర్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టర్, ఎర్ర ముఖం, పెద్ద గొంతు. తన రీలును తోలు సంచిలోంచి పసిబిడ్డను తీసినట్టు తీశాడు. కొత్తది. తిప్పి చూపించాడు. చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా లేదు.

"బాగుందండీ. కానీ మీది పదిహేను అడుగుల కర్ర. ఈ రీలు తేలిక, కొస బరువై చెయ్యి లాగేస్తుంది. నాది పెడతాను" అన్నాడు ఆలిక్. అది అబద్ధం కాదు, అలాగని అసలు సంగతీ కాదు.

క్లెగ్ గారు మా అనాకారి రీలును చూసి ముఖం చిట్లించారు. "ఇదేం రీలయ్యా? మా తాత పన్ను పీకే మర కూడా దీనికంటే అందంగా ఉండేది. నాదే పెట్టు."

ఆలిక్ ఏదో అనబోయాడు. ఇంతలో తలుపు దగ్గర నీడ పడింది. డ్రైస్‌డేల్ గారు వచ్చారు. టోపీ తీయలేదు.

"ఆలిక్, నిన్న మూడు గంటలకు నేను పై దారిన కుక్కను తిప్పుతున్నాను. మీ ఇంటి వెనక రీలు మోగింది. నాలుగు సార్లు, అయిదు సార్లు. చేప పడితే మోగినట్టే మోగింది. చెట్లు అడ్డమై మనిషి కనపడలేదు. ఎవరది?"

సూపు గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది. నిజం చెబితే కళ్ళ సంగతి చెప్పాలి, దాంతో ఇల్లు పోతుంది. చెప్పకపోతే ఆదివారం ఎస్టేట్ నీళ్ళలో దొంగతనంగా గాలం వేసినవాడవుతాడు. అప్పుడు ఇల్లూ పోతుంది, పేరూ పోతుంది. కనీసం మొదటిదైనా చెప్పు, నీ తప్పు కాదుగా, అని మనసులో అతన్ని బతిమాలాను.

"నేనేనండీ" అన్నాడు ఆలిక్.

"చేపలు పట్టావా?"

"పట్టాను."

నాకు తల తీసేసినట్టయింది. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క చేపను కూడా ఇంటికి తేని మనిషి. చూపు పోయిందని చెప్పడం కంటే దొంగనని చెప్పుకోవడమే నయమనుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ గరిటెతో నెత్తిన ఒకటి పెట్టాలనిపించింది.

డ్రైస్‌డేల్ గారు తల అడ్డంగా ఊపారు. "నీ నుంచి ఇది అనుకోలేదు. ఈ వారం చేసి ఆపెయ్. శనివారం గుడిసె తాళాలు, ఇంటి తాళాలు నాకివ్వు" అన్నారు.

మధ్యలో క్లెగ్ గారికి మాత్రం కళ్ళు మెరిశాయి. "ఒక్క పూటలో అయిదు సార్లు మోగిందా? ఏ రీలుతో?" అని అడిగారు. ఆలిక్ బల్ల మీదిది చూపించాడు. "అయితే నాకు అదే కావాలి. పాపమేదో అది ఇప్పటికే చేసేసింది, మిగతాది కూడా అదే చేస్తుంది" అని తన రీలును మళ్ళీ సంచిలో పెట్టేశారు. ఆలిక్ చెప్పినా ఒప్పుకోని మనిషి, దొంగ రీలు అనగానే ఒప్పుకున్నాడు. జాలరి బుద్ధి ఎక్కడైనా ఒకటే.

మిల్లు మడుగులో దిగారు. క్లెగ్ గారు తొడలోతులో, ఆలిక్ అయిదడుగులు దిగువన, వీపుకి వల. డ్రైస్‌డేల్ గారు వెళ్ళలేదు, చేతులు కట్టుకుని గట్టు మీద బెంచీ పక్కన నిలబడ్డారు. దొంగను ఒంటరిగా వదలకూడదనుకున్నారేమో. నేనూ ఇంటికి వెళ్ళలేదు. ఆ మడుగులో ఆలిక్ నిలబడ్డ చోటికి మూడడుగుల అవతల మెట్టులాంటి రాయి ఉంది. దాని తర్వాత పన్నెండడుగుల లోతు.

పదకొండు గంటలకు చేప పట్టింది. రీలు కెవ్వుమంది. ఆలిక్ ముఖం మారిపోయింది. "వదలండి, పట్టుకోవద్దు, పోనీండి. ఇప్పుడు కర్ర ఎత్తండి. ఆగింది, చుట్టండి. మళ్ళీ పోతుంది, చెయ్యి తీయండి" అని ఒక్కో మాటా సరిగ్గా ఆ క్షణానికి చెబుతున్నాడు. ఏడెనిమిది నిమిషాలు. క్లెగ్ గారు చిన్నపిల్లాడిలా చెప్పింది చెప్పినట్టు చేస్తున్నారు. డ్రైస్‌డేల్ గారి చేతులు ఎప్పుడు విడిపోయాయో, ఆయన ఒక అడుగు ముందుకు వచ్చారు. నాకు ఒక్క క్షణం ఆశ పుట్టింది, ఇలాగే గట్టెక్కేస్తామేమో అని.

అప్పుడు చేప వెనక్కి తిరిగింది. సూటిగా మనుషుల వైపు దూసుకొచ్చింది. దారం వదులైంది. క్లెగ్ గారు కంగారులో రీలు చుట్టడం మానేసి, చేత్తో దారాన్ని బారలు బారలుగా లాగడం మొదలుపెట్టారు. రీలు మూగబోయింది.

"పడుకుంది. అడుగున పడుకుంది, కదపకండి. నేను వెళ్తాను" అన్నాడు ఆలిక్. చేప అవతల ఉందనుకుని, లోతు వైపు ఒక అడుగు వేశాడు.

చేప అక్కడ లేదు. అతని వెనక, అతనికీ క్లెగ్ గారికీ మధ్య, తొడలోతు నీళ్ళలో తిరుగుతోంది. లాగిపడేసిన దారమంతా నీళ్ళ మీద చుట్టలుగా తేలుతూ ఆలిక్ కుడికాలి చుట్టూ చేరుతోంది. అది మళ్ళీ పరుగెత్తిందంటే కాలు లాగేస్తుంది. ముందు రాయి అంచు. క్లెగ్ గారు చేపనే చూస్తున్నారు. డ్రైస్‌డేల్ గారు ఎగువన ఉన్నారు, ఆయనకి ఆలిక్ కాలు కనపడదు. అరిస్తే అతని గుట్టు నా నోటితోనే బయటపడుతుంది. అరవకపోతే మనిషే పోతాడు. ఇంత చిన్న సంగతికి అంతసేపు ఎందుకు ఆలోచించానో, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆలిక్ ఇంకో అడుగు వేశాడు.

"ఆలిక్, ఆగు" అన్నాను. నా గొంతు ఏరు దాటి వినిపించింది. "అక్కడ లేదు. నీ వెనక ఉంది. దారం నీ కుడికాలికి చుట్టుకుంటోంది. ముందుకు పోకు, రాయి అంచు. కాలు మెల్లగా ఎత్తి వెనక్కి పెట్టు."

అతను ఆగిపోయాడు. నాకు వీపు మాత్రమే కనిపిస్తోంది. కాస్త నవ్వి, నాకు తెలుసులేవే అని తీసిపారేయొచ్చు. ఆ మొండి మనిషి ఆ పని చేస్తాడేమోనని భయపడ్డాను. అతను కుడికాలు ఎత్తాడు. దారం జారిపోయింది. వెనక్కి పెట్టాడు.

"చెప్పు" అన్నాడు.

"ఎడమకి తిరుగు. మోకాలికి మూరెడు దూరంలో ఉంది. వల దించు. ఇంకా కిందికి. వస్తోంది. ఇప్పుడు."

వల లేపాడు. నీళ్ళు చిమ్మాయి. వల బరువుకి అతని చేతులు రెండూ ఊగిపోయాయి.

ఆలిక్ వలను నీళ్ళలోనే ఉంచి, చేప తలను ఎదురు నీటికి తిప్పి, దాని పొట్ట కింద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. అలిసిన చేపకు ఊపిరి అందేదాకా అలా పట్టుకోవాలి. డ్రైస్‌డేల్ గారు నీళ్ళ అంచుదాకా వచ్చారు. బూట్లు తడుస్తున్నా చూసుకోలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగారు.

"ఏప్రిల్ నుంచండీ."

"నిన్న మరి?"

"చేపలు పట్టలేదండీ. ఇనా పరుగెత్తింది, నేను విన్నాను. ఏ రీలు బాగా వినపడుతుందో ఎంచుకున్నాం."

"అది చెప్పలేకపోయావా? నేను నిన్ను దొంగ అంటుంటే ఊరుకున్నావు."

"దొంగైతే కళ్ళున్నవాడే కదండీ" అన్నాడు ఆలిక్.

డ్రైస్‌డేల్ గారు అప్పుడు టోపీ తీశారు. "నిన్ను ఇంక ఎవరి పక్కనా ఏట్లోకి దింపలేను. ఇవాళే ఆఖరు."

"తెలుసండీ."

"ఇల్లు వసంతం దాకా ఉంచుకోండి. అంతకంటే నా చేతిలో లేదు. ఆదివారం మాట నేను అనలేదనుకో."

ఆలిక్ తలాడించాడు. అతని చెయ్యి చేప వీపు మీద మెల్లగా కదులుతోంది. "ఇరవై ఒక్క పౌన్లు ఉంటుందండీ, ఆడది" అని క్లెగ్ గారితో అన్నాడు. అది చేత్తోనే చెప్పేశాడు. చెయ్యి చెప్పలేనిది ఒకటి మిగిలింది. అందరూ వింటుండగానే నా వైపు ముఖం తిప్పాడు, ఆ పక్కచూపు కూడా లేకుండా, నేరుగా.

"ఇనా, రంగేంటి?"

పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళలో అతను నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. నేను నీళ్ళలోకి దిగాను. చెప్పులు తీయడం కూడా మర్చిపోయాను.

"వెండి. కడిగి తుడిచిన చెంచాలా ఉంది. ఎరుపు ఎక్కడా లేదు. తోక దగ్గర సముద్రపు పేలు ఇంకా అంటుకునే ఉన్నాయి."

"ఎన్ని?"

వంగి లెక్కపెట్టాను. "మూడు."

"అయితే సముద్రం నుంచి నిన్ననో మొన్ననో వచ్చింది" అని చేపను వదిలాడు. ఎటు వెళ్ళిందని అడిగాడు. చెప్పాను.